ఎగ్జిమా ఉంటే పక్క ఎలా ఉండాలి? పరుపు ధర కంటే ఉతుకు ముఖ్యం

ఎగ్జిమా ఉన్న పిల్లలు పగలంతా బాగానే తిరుగుతారు. రాత్రి పక్క మీద వాలాక గోకుడు మొదలవుతుంది. దాంతో తప్పంతా పరుపుదో, దుప్పటిదో అనిపిస్తుంది, వెంటనే కొత్త పరుపు కోసం వెతుకులాట మొదలవుతుంది. నిజానికి రాత్రి దురద పెరగడానికి పక్కతో సంబంధం లేని కారణాలూ ఉన్నాయి. వాపును అదుపులో ఉంచే కార్టిసాల్ హార్మోన్ రాత్రిళ్ళు బాగా తగ్గుతుంది. పడుకునే వేళకి రక్తప్రసరణ పెరిగి చర్మం వెచ్చబడుతుంది. చర్మం నుంచి ఆవిరయ్యే తేమ కూడా రాత్రి ఎక్కువే. పైగా మనసు మళ్ళించడానికి ఆటా ఉండదు, మాటా ఉండదు. కాబట్టి ఎంత మంచి పక్క వేసినా ఎగ్జిమా నయం కాదు. డాక్టరు రాసిన మందూ, రోజూ రాసే మాయిశ్చరైజరూ చేసే పని దుప్పటి చేయలేదు. ఉన్న దురదను ఎగదోయకుండా ఉండటం వరకే పక్క పని.

అలా ఎగదోసేవి నాలుగు: వేడి, రాపిడి, బట్టలో మిగిలిపోయిన సబ్బు లేదా రసాయనం, డస్ట్ మైట్ అనే కంటికి కనపడని పురుగు. నాలుగూ వేరువేరు సమస్యలు. దుకాణాల్లో మాత్రం వీటన్నిటినీ "స్కిన్ ఫ్రెండ్లీ", "హైపోఅలర్జెనిక్" అని ఒకే మూటగా కట్టి అమ్ముతారు. చిక్కంతా అక్కడే ఉంది, ఎందుకంటే ఒకదానికి చేసిన వైద్యం ఇంకోదాన్ని పెంచుతుంది. పురుగు దూరకుండా రెక్సిన్ తొడుగు వేస్తే చెమట పడుతుంది. పురుగు చావాలని వేడినీళ్ళలో ఉతికి రెండుసార్లే జాడిస్తే డిటర్జెంట్ మిగిలిపోతుంది. మెత్తగా ఉండాలని ఫ్యాబ్రిక్ సాఫ్ట్‌నర్ పోస్తే దాని సువాసనే చర్మానికి పడకపోవచ్చు. అందుకే ముందు తేల్చుకోవాల్సింది మీ ఇంట్లో ఈ నాలుగిట్లో ఏది ఎక్కువ అని.

మన వాతావరణంలో మొదట చూడాల్సింది వేడినే. చెమటలోని ఉప్పు, పగిలిన చర్మం మీద చురుక్కుమంటుంది. మెడ వెనక, మోచేతి మడతల్లో, మోకాళ్ళ వెనక చెమట నిలిచిన చోటే దురద ముందుగా లేస్తుంది. దీనికి మంచి దుప్పటి అంటే పల్చటి, సాదా నేతతో వచ్చిన నూలు దుప్పటి. అంగుళం చదరానికి 200 నుంచి 300 పోగులున్నది చాలు. 800, 1000 థ్రెడ్ కౌంట్ అని రాసున్నవి చాలాసార్లు పేరు గొప్ప ఊరు దిబ్బ. రెండు మూడు సన్నపోగులు కలిపి పేనిన దారాన్ని రెండు మూడుగా లెక్కేసి ఆ అంకె చూపిస్తారు. నిజంగానే అంత దట్టంగా నేసినా గాలి ఆడక ఇంకా ఉక్కపోస్తుంది. కొనేటప్పుడు ఒక పొరను వెలుతురుకేసి పట్టుకుని చూడండి: సన్నటి జల్లెడలా వెలుగు సమంగా కనపడాలి. పెదాలకు ఆనించి ఊదితే గాలి అవతలికి తేలిగ్గా పోవాలి. అంకెల కంటే ఈ పరీక్ష నమ్మదగింది.

"ముడతలు పడవు", "ఇస్త్రీ అక్కర్లేదు" అని రాసున్న దుప్పట్లు వద్దు. నూలుకు ఆ గుణం రావడానికి ఫార్మాల్డిహైడ్ కలిసిన రెజిన్ పూత వేయడం మామూలు. అది పడని చర్మాలు ఉన్నాయి. ముదురు రంగు పాలిస్టర్ దుప్పట్లతో చిక్కు వేరు. పాలిస్టర్‌కు వాడే డిస్పర్స్ రంగులు, ముఖ్యంగా కొన్ని నీలం రకాలు, చెమటకు వదిలి చర్మానికి అంటి అలర్జీ తెప్పిస్తాయని చర్మవైద్యంలో బాగా తెలిసిన సంగతి. పక్కబట్టలు తెలుపో, లేత రంగో అయితే ఈ బెడద తక్కువ. రక్తపు మరకలు, రసి మరకలు కూడా వెంటనే కనపడతాయి. అవి కనపడటం ఎందుకు మేలో చివర్లో చెప్తాం.

ఇక పరుపు. మెమరీ ఫోమ్ ఒంటిని చుట్టుకుని వేడిని పట్టి ఉంచుతుంది. అది ఇప్పటికే ఉంటే పారేయక్కర్లేదు, పైన అర అంగుళం మందం నూలు పరుపు గానీ పల్చటి బొంత గానీ వేస్తే తేడా తెలుస్తుంది. కొబ్బరిపీచు పరుపు గాలి ఆడుతుంది. పాతబడి పీచు పైగుడ్డలోంచి పొడుచుకొస్తుంటే మాత్రం తొడుగు మార్చాలి. బూరుగు దూది, పత్తి పరుపులు ఒంటికి చల్లగానే ఉంటాయి, కానీ ఏళ్ళ తరబడి దుమ్ము వాటిలో పేరుకుంటుంది. ఏకించేటప్పుడు ఆ దుమ్మంతా ఒక్కసారిగా లేస్తుంది. ఎగ్జిమా, ఉబ్బసం ఉన్నవాళ్ళు ఆ పూట అక్కడ ఉండకూడదు, ఏకించాక పైగుడ్డ కూడా కొత్తది వేయించాలి.

మెత్తదనం విషయంలో మన ఇళ్ళలో చవగ్గా దొరికే గొప్ప వస్తువు పాత నూలు చీర. పదేళ్ళు ఉతికిన చీరలో గంజి ఉండదు, వదలాల్సిన రంగు ఎప్పుడో వదిలేసి ఉంటుంది, పోగు విరిగి మెత్తబడి ఉంటుంది. దాన్ని రెండు మడతలేసి దుప్పటి మీద పరిస్తే ఖరీదైన ఏ షీటూ దాని ముందు నిలవదు. పాత పంచె కూడా అంతే. వాటితో కుట్టిన బొంత మంచిదే, రెండు షరతుల మీద: లోపల పాలిస్టర్ చీర ముక్కలు ఉండకూడదు, ఒక మనిషి ఉతికి పిండగలిగేంత పల్చగా ఉండాలి. నాలుగైదు పొరల బొంత ఉతక్క మూలన పడేస్తారు, ఆరు నెలలకోసారి ఎండలో వేసి తెస్తారు, అంతలో దాన్నిండా దుమ్మే.

కొత్త దుప్పటి కొంటే కనీసం రెండుసార్లు ఉతికాకే పక్క మీదికి రావాలి. నేతలో పోగు తెగకుండా పట్టించే గంజి, పూతల రసాయనాలు చాలావరకు ఆ ఉతుకుల్లో పోతాయి. ఇంట్లో పెట్టే గంజి సంగతీ ఇదే: చీరకు అందం, ఎగ్జిమా ఉన్నవాళ్ళ పక్కకు చెరుపు. గంజి పెట్టిన గలీబు అంచు చెంపకు రాసుకుంటే రాత్రికి రాత్రే ఎర్రబడుతుంది. గలీబుల మీద ఎంబ్రాయిడరీ, లేసు, గుండీలు లేకుండా చూడండి. కుట్టు ఒరుసుకుంటుంటే తిరగేసి తొడగండి.

సోలాపూర్ దుప్పటి నూలుదే అయినా నేత గరుకు. గొంగళి అయితే మరీను. దక్కనీ గొర్రె ఉన్ని ముతకది. ఉన్ని పోగు మందం సుమారు 30 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) దాటితే చర్మంలోని నరాలకు గుచ్చుకుంటుంది. చాలామంది "నాకు ఉన్ని పడదు" అనేది ఈ గుచ్చుకోవడాన్నే, అలర్జీ కాదు. 17, 18 మైక్రాన్ల సన్నటి మెరీనో ఉన్ని వేరే కథ. మెల్బోర్న్‌లో పిల్లల మీద చేసిన చిన్న అధ్యయనంలో అలాంటి ఉన్ని బట్టలు వేసుకున్న కాలంలో ఎగ్జిమా తగ్గింది. మన వేడిలో దాని అవసరం ఎంత అన్నది వేరే ప్రశ్న. ఆదిలాబాద్ చలిలో రగ్గు తప్పదనుకుంటే లోపల నూలు దుప్పటి కప్పి, అంచును ఒక జానెడు పైకి మడిచి, దాని మీద రగ్గు వేయండి. మెడకు రగ్గు తగలకపోతే సగం గొడవ తీరినట్టే.

పట్టు గురించి ఒక మాట. ఎగ్జిమాకు ప్రత్యేకమైన పట్టు బట్టలని ఆన్‌లైన్లో చాలా అమ్ముతున్నారు. బ్రిటన్‌లో 300 మంది పిల్లల మీద జరిగిన క్లోత్స్ అనే పరీక్ష ఫలితాలు 2017లో వచ్చాయి. మామూలు చికిత్సతో పాటు ఆ పట్టు బట్టలు వేసుకున్నందువల్ల అదనపు మేలేమీ తేలలేదు. ఇష్టమై వాడుకుంటే తప్పు లేదు, అప్పు చేసి కొనాల్సిన పని లేదు.

ఉతుకు దగ్గర ఆగాలి

పక్కబట్టల విషయంలో ఎక్కువ తప్పులు జరిగేది కొనడంలో కాదు, ఉతకడంలో. మొదట ఇంట్లోనే ఒక పరీక్ష చేయండి. ఉతికి ఆరిన గలీబు ఒకటి తీసుకుని, శుభ్రమైన నీళ్ళున్న స్టీలు గిన్నెలో వేసి ఒక నిమిషం గట్టిగా పిసకండి. నీళ్ళ మీద నురగ తేలినా, వేళ్ళ మధ్య జారుడుగా అనిపించినా ఆ గలీబులో సబ్బు మిగిలి ఉన్నట్టు. చెమట పట్టినప్పుడు రాత్రంతా ముఖానికి అంటేది అదే.

కారణాలు సాధారణంగా మూడు. ఒకటి, పొడి ఎక్కువ వేయడం. 15 లీటర్ల బకెట్‌కు ఒక టేబుల్ స్పూన్ పొడి, తలకొట్టుగా, చాలు. మెషీన్‌లో ప్యాకెట్ మీద రాసిన కొలతకు మించకూడదు. ఎక్కువ నురగ వస్తే ఎక్కువ శుభ్రమన్నది భ్రమ. రెండు, మెషీన్‌ను కుక్కి నింపడం. డ్రమ్ములో మూడో వంతు ఖాళీ లేకపోతే దుప్పటి విప్పారదు, నీళ్ళు మడతల్లోకి వెళ్ళవు. రెండు డబుల్ దుప్పట్లు, నాలుగు గలీబులు ఒక వాయికి సరిపోతాయి. చివర "ఎక్స్‌ట్రా రిన్స్" మీట నొక్కండి. చేత్తో అయితే ప్రతిసారీ నీళ్ళు మార్చి మూడు బకెట్లలో జాడించాలి. మూడు, బోరు నీళ్ళు. కాఠిన్యం ఎక్కువున్న నీళ్ళలోని కాల్షియం సబ్బుతో కలిసి తెల్లటి తెట్టు కడుతుంది. అది బట్టకు పట్టి ఆరాక అట్టలా చేస్తుంది. బట్టల సబ్బు బిళ్ళల్లో సుద్ద లాంటి నింపుడు పదార్థాలు కూడా ఉంటాయి. అలాంటి ఊళ్ళలో పక్కబట్టలకు బిళ్ళ మానేసి పొడి గానీ ద్రవం గానీ వాడి, ఆఖరి జాడింపుకైనా మున్సిపాలిటీ నీళ్ళో వాన నీళ్ళో వాడితే మంచిది. నీటి కాఠిన్యానికి ఎగ్జిమాకు ముడి ఉంది కదా అని వేలు పోసి కాఠిన్యం తగ్గించే వాటర్ సాఫ్ట్‌నర్ పెట్టించనక్కర్లేదు. బ్రిటన్‌లో 336 మంది పిల్లల ఇళ్ళలో 12 వారాలు పెట్టి చూసిన పరీక్ష 2011లో వెలువడింది, వాళ్ళ ఎగ్జిమాలో అదనపు మెరుగేమీ కనపడలేదు.

సువాసన లేని డిటర్జెంట్ దొరికితే అదే వాడండి. ద్రవ డిటర్జెంట్లలో నిలవ కోసం వేసే ఐసోథయజోలినోన్ రకం రసాయనాలు కొందరికి పడవు. ద్రవానికి మారాక దురద పెరిగిందనిపిస్తే పొడికి తిరిగి రండి. ఎంజైములున్న పొడి అంటే చాలామందికి భయం గానీ, బాగా జాడించిన బట్టలో అది హాని చేస్తుందనడానికి ఆధారం తక్కువ. మానేయాల్సినవి ఫ్యాబ్రిక్ సాఫ్ట్‌నర్, ఆఖరి నీళ్ళలో కలిపే యాంటీసెప్టిక్ ద్రవం. "క్రిములు చస్తాయి" అని మూత నిండా పోసే ఆ ద్రవం పగిలిన చర్మాన్ని మండిస్తుంది. మేలు ఏమీ లేదు. అమెరికాలో, బ్రిటన్‌లో ఉంటున్నవాళ్ళు డ్రయ్యర్‌లో వేసే సువాసన కాగితాలనూ ఇదే జాబితాలో చేర్చుకోవాలి.

మరకల దగ్గర వరస ముఖ్యం. గోకితే వచ్చిన రక్తం మరకను వేడినీళ్ళలో వేస్తే అందులోని ప్రొటీన్ ఉడికి పోగుకు అంటుకుపోతుంది, ఇక పోదు. ముందు చన్నీళ్ళలో అరగంట నానబెట్టి, చేత్తో నలిపి, ఆ తరవాతే వేడి ఉతుక్కి వెయ్యాలి. మాయిశ్చరైజర్ జిడ్డు దీనికి సరిగ్గా తలకిందులు. పెట్రోలియం జెల్లీ లాంటివి చన్నీళ్ళలో కదలవు. వేడి తగిలితే కరిగి డిటర్జెంట్‌తో పోతాయి. కాబట్టి ముందు చన్నీళ్ళు రక్తానికి, తరవాత వేన్నీళ్ళు జిడ్డుకి. ఆ జిడ్డు ఫ్రంట్‌లోడ్ మెషీన్ తలుపు రబ్బరును కూడా పాడుచేస్తుంది. ప్రతి ఉతుకు తరవాతా రబ్బరు మడత తుడిచి, నెలకోసారి బట్టలు లేకుండా వేడి వాయి ఒకటి తిప్పాలి. అసలు జిడ్డు దుప్పటికి అంటకుండా ఉండాలంటే పడుకోవడానికి అరగంట ముందే మందు రాసి, పల్చటి నిండు చేతుల నూలు బట్టలు వేయడం ఉత్తమం. మందు ఒంటి మీదే ఉండి పని చేస్తుంది.

ఇక్కడ ఒక ప్రమాదం గురించి గట్టిగా చెప్పాలి. మాయిశ్చరైజర్ ఇంకి ఆరిన బట్ట మామూలు బట్ట కంటే చాలా త్వరగా అంటుకుని, వేగంగా మండుతుంది. మంటల్లో మరణాలు జరిగాక బ్రిటన్ ఔషధ నియంత్రణ సంస్థ 2018 డిసెంబరులో దీని మీద హెచ్చరిక ఇచ్చింది. పెట్రోలియం నుంచి తీసే పారఫిన్ లేని క్రీములకూ అది వర్తిస్తుందని చెప్పింది. ఉతికితే జిడ్డు తగ్గుతుంది గానీ పూర్తిగా పోతుందన్న హామీ లేదు. మన ఇళ్ళలో మంచం కింద దోమల చక్రం వెలిగించి, వేలాడే దుప్పటి అంచు దాని పక్కనే ఉండటం రోజూ కనపడే దృశ్యం. ఎగ్జిమా ఉన్నవాళ్ళ గదిలో దోమల చక్రం, అగరుబత్తి, కొవ్వొత్తి, బీడీ పక్క దగ్గరికి రాకూడదు. దోమతెర కట్టండి, నెలకోసారి ఉతకండి.

డస్ట్ మైట్ ఎవరికి సమస్య?

మూడో వంతు మిల్లీమీటరు కూడా ఉండని ఈ పురుగు, రాలిన చర్మపు పొట్టు తిని బతుకుతుంది. కుట్టదు. దాని రెట్టలోని ప్రొటీన్లే అలర్జీ తెప్పిస్తాయి, కొన్ని చర్మపు పైపొరనూ దెబ్బతీస్తాయి. నీళ్ళు తాగలేదు, గాలిలోని తేమనే పీల్చుకుంటుంది. గాలిలో తేమ చాలాకాలం 50 శాతం లోపే ఉంటే ఎండిపోయి చస్తుంది. అంటే ఏప్రిల్, మే నెలల పొడి వేడి తెలంగాణ లోపలి జిల్లాల్లో మీ పని కొంత చేసిపెడుతుంది. విశాఖలో, కాకినాడలో ఆ సాయం దొరకదు. ఎయిర్ కూలర్ పెట్టిన గదిలోనూ అంతే, తేమను మనమే పురుగుకు అందిస్తున్నట్టు. ఏసీ తేమ తీస్తుంది.

అయితే ఎగ్జిమా ఉన్న ప్రతివాళ్ళకీ ఈ పురుగు కారణం కాదు. మైట్లను తగ్గించే పద్ధతుల మీద జరిగిన అధ్యయనాలన్నిటినీ కలిపి తూచి 2015లో వెలువడిన కాక్రేన్ సమీక్ష, ఎగ్జిమాకు వాటి మేలు చూపే ఆధారాలు చాలా బలహీనమని తేల్చింది. పొద్దున్న లేవగానే వరస తుమ్ములు, ముక్కు బిగింపు, ఉబ్బసం ఉండి, అలర్జీ పరీక్షలో మైట్ తేలితే తొడుగులు కొనడంలో అర్థం ఉంది. తొడుగు వేసినంత మాత్రాన ఎగ్జిమా తగ్గిపోతుందని కాదు, ముక్కుకైనా సుఖం.

కొంటే పరుపును ఆరువైపులా మూసి జిప్పుతో బిగించే, దట్టంగా నేసిన గుడ్డ తొడుగే కొనాలి. పైన మాత్రం పరిచే షీటు ఎందుకూ పనికిరాదు. రంధ్రాలు 10 మైక్రాన్ల లోపు ఉంటే రెట్ట కణాలు బయటికి రావు. జిప్పు ముగిసే మూల దగ్గర సందు ఉంటుంది, దాని మీద టేపు అంటించండి. దిండుకూ తొడుగు వేయాలి, పరుపు కంటే ముఖానికి దగ్గరగా ఉండేది అదే.

తొడుగు మీది దుప్పట్లు, గలీబులు వారానికోసారి 60 డిగ్రీల నీళ్ళలో ఉతకాలి. చన్నీళ్ళ ఉతుకు అలర్జీ తెప్పించే ప్రొటీన్లను చాలావరకు కడిగేస్తుంది, పురుగును చంపదు. హీటర్ లేని టాప్‌లోడ్ మెషీన్ అయితే ముందు ఒక బకెట్‌లో మరిగే నీళ్ళు, కుళాయి నీళ్ళు సమానంగా కలపండి, 65 డిగ్రీల చుట్టుపక్కల ఉంటుంది, బట్టలు పడగానే కొంచెం తగ్గుతుంది. మూత పెట్టి అరగంట నానబెట్టి తరవాత ఉతకండి. ఆ బకెట్ పిల్లలకు అందే చోట ఉండకూడదు. వేడినీళ్ళలో ఉతకలేని బొమ్మను సంచిలో కట్టి రెండు రోజులు ఫ్రీజర్‌లో పెట్టాక ఉతికో, దులిపో ఇవ్వాలి. చచ్చిన పురుగూ రెట్టా అలర్జీ తెప్పిస్తూనే ఉంటాయి. పరుపును ఎండలో వేసినప్పుడూ ఇదే లెక్క: పైపొర వేడెక్కుతుంది, పురుగు లోపలికి దిగుతుంది. రెండువైపులా తిప్పి ఎండబెట్టి, వాక్యూమ్ క్లీనర్‌తో గానీ కర్రతో గానీ దుమ్ము తీయాలి. ఆ పని ఎగ్జిమా ఉన్నవాళ్ళు చేయకూడదు.

ఆరేసే చోటు చూసుకోండి. వానలు పడ్డాక ఖాళీ స్థలాల్లో వయ్యారిభామ విరగబూస్తుంది. పెద్దవాళ్ళలో ముఖం, మెడ, మోచేతుల మీద మొండి చర్మవ్యాధికి ఆ పార్థీనియం పుప్పొడి, ఎండిన ఆకు పొడి తెలిసిన కారణాలు. పక్కబట్టలు దాని దగ్గర కంచె మీద ఆరేయొద్దు. బీరువాలో నాఫ్తలీన్ గోళీల మధ్య దాచిన దుప్పటిని అలాగే వాడొద్దు, ఉతికి ఎండలో ఆరేశాకే వాడాలి. జి6పీడీ అనే ఎంజైమ్ లోపం పుట్టుకతోనే ఉన్న పసిపిల్లలకు ఆ గోళీల ఆవిరి రక్తకణాలు విరిగిపోయేంత ప్రమాదం, కాబట్టి పిల్లల బట్టల దగ్గర అసలు పెట్టకూడదు. ఏడాది లోపు పిల్లలకు ఎగ్జిమా ఉన్నా లేకపోయినా దిండు, ఆవాల దిండుతో సహా, వద్దు. బిగువుగా పరిచిన ఒక నూలు గుడ్డ చాలు.

ఇవన్నీ చేసినా ఇంట్లో ఇద్దరు ముగ్గురికి ఒకేసారి రాత్రి దురద మొదలై, వేళ్ళ సందుల్లో, నడుము చుట్టూ చిన్న పొక్కులుంటే అది ఎగ్జిమా కాకపోవచ్చు. స్కేబీస్ (గజ్జి) అయితే ఇంటిల్లిపాదికీ ఒకేరోజు మందు రాయాలి. అదేరోజు పక్కబట్టలు వేడినీళ్ళలో ఉతకాలి, ఉతకలేనివి సంచిలో కట్టి వారం ఉంచాలి.

లేత రంగు పక్కబట్టలు ఎందుకన్నామో ఇక్కడ తెలుస్తుంది. పొద్దున్న దుప్పటి పుండుకు అంటుకుని ఉంటే లాగకండి. గోరువెచ్చటి నీళ్ళు గుడ్డతో పిండి రెండు నిమిషాలు తడిపితే దానంతటదే వదులుతుంది. గలీబు మీద పసుపు మరకలు, చర్మం మీద తేనె రంగు చెక్కు కనిపిస్తే బ్యాక్టీరియా చేరినట్టు, డాక్టరుకు చూపించాలి. జ్వరంతో పాటు ఒకే సైజు చిన్నచిన్న నీటి పొక్కులో, గుండ్రటి గుంట పుండ్లో ఒక్కసారిగా పాకితే హెర్పిస్ వైరస్ పని కావచ్చు, దానికి ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళాలి.